శేషం లేదు

“ఈ అపరాత్రి అంత పెద్ద సంఖ్య ముందేసుకుని కూర్చుంటే బుర్ర చెడుతుందే,” అంది తల్లి, తలుపు బయట నిలబడి.

“అదేం నన్ను కరవదులే అమ్మా. ప్రధాన సంఖ్యో కాదో తేలగానే పడుకుంటా.”

ఒకటీ, తానూ తప్ప మరేదీ శేషం లేకుండా భాగించలేనిదే ప్రధాన సంఖ్యట. తల్లికి తెలిసింది అంతే. కూతురు భాగించి చూసిన ప్రతిసారీ “శేషం ఉంది” అని పైకే అనుకుంటోంది. ఆ మాట వినబడుతున్నంతసేపూ తల్లికి ధైర్యంగానే ఉంది.

“శేషం లేదు,” అంది కూతురు ఉన్నట్టుండి. “రెండుగా విడిపోయింది.”

కుర్చీ జరిగింది. అడుగుల చప్పుడు కిటికీ వైపు వెళ్ళింది. అదే క్షణంలో తలుపు వైపూ వచ్చింది. పిల్ల ఎటు నడిచిందో తల్లికి అంతుబట్టలేదు.

“అమ్మాయీ, ఒక్కదానివేగా ఉన్నది?”

తల్లి గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

“ఒక్కదాన్నేనమ్మా,” అంది కూతురు కిటికీ దగ్గర్నించి.

“ఒక్కదాన్నేనమ్మా,” అంది కూతురు తలుపు వెనకనించి.