ఎడమ టాంకు

భోజనాలయ్యాయి. షామియానా కింద కుర్చీలన్నీ ఒకదాన్లో ఒకటి దూర్చి పెట్టేశారు. రెండు మాత్రం మిగిలాయి, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి.

రెండింట్లోనూ మనుషులున్నారు.

హన్నా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. తన కూతురి జ్ఞాపకార్థ కూడికకి ముసునూరు దాకా వచ్చిన ఆ ఇద్దరూ పొద్దున్నించీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఒకాయన ఉదయశంకర్. షాలోమికి విమానం నడపడం నేర్పిన కెప్టెన్. రెండో అతను సంతోష్ కుమార్. అదే ఫ్లయింగ్ స్కూల్లో విమానాలు బాగుచేసే ఇంజనీరు.

భర్త పోయాక మామిడి తోట తనే చూసుకుంటూ పెంచిన పిల్ల షాలోమి. ఆడపిల్ల విమానం నడపడమేంటని నవ్వినవాళ్లే ఇవాళ కొంగు నోటికడ్డం పెట్టుకుని వడ్డనలు చేశారు.

సార్ పక్కన లేకుండా అంత దూరం ఎగరడం ఇదే మొదలని ప్రమాదానికి ముందురోజు షాలోమి ఫోన్‌లో చెప్పింది. భయంగా లేదని కూడా చెప్పింది.

గాల్లో ఇంజను ఆగిపోయింది. విమానం చెరకు తోటలో పడి కాలిపోయింది.

ప్రార్థనకి ముందు కెప్టెన్ హన్నాని పక్కకి పిలిచాడు. ఇంజను సరిగా ఆడటం లేదని తాను రాసిచ్చానని, హ్యాంగర్‌లో విమానాలు బాగుచేసేవాళ్లు పట్టించుకోలేదని చెప్పాడు.

ప్రార్థనయ్యాక ఇంజనీరు వచ్చాడు. ఆ ఇంజను తానే నడిపి చూశానని, ఏ లోపమూ కనబడలేదని చెప్పాడు.

ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు లేరు. అదే ఆమెకి మింగుడు పడలేదు.

తోటలో రసాల కోత నడుస్తూనే ఉంది. చావిల్లని ఆపితే కాయంతా చెట్టు మీదే పండి రాలిపోతుంది.

హన్నా ఇద్దర్నీ వరండాలోకి పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"నాకు చెప్పిన మాటలు ఒకరికొకరు చెప్పుకోండి బాబూ," అంది. "నేను వింటాను."

సంతోష్ కెప్టెన్ వైపు తిరిగాడు.

"మీరు 'ఇంజను రఫ్' అని రాశారు సార్. అంతే రాశారు. ఎప్పుడు రఫ్?"

"గాల్లో. పైకెళ్లిన చాలాసేపటికి. మీరడిగితే చెప్పేవాణ్ణి."

అడిగే దారి లేదు. పైలట్లు హ్యాంగర్ వైపు రాకూడదని, ఇంజనీర్లు క్లాసుల వైపు పోకూడదని మేనేజరు కట్టడి చేశాడు. పైలట్ రాసిన ముక్కని ఆఫీసు కుర్రాడెవడో ఇటు తెచ్చేవాడు, ఇంజనీరు రాసిన ముక్కని అటు పట్టుకెళ్లేవాడు.

"ఏ పెట్రోలు టాంకు మీద ఉన్నప్పుడు సార్?"

కెప్టెన్ ఆలోచించాడు.

"ఎడమది. ఎప్పుడూ ఎడమదే. కుడి టాంకుకి తిప్పగానే సర్దుకునేది. అందుకే పెద్దగా పట్టించుకోలేదు."

"నేను నేల మీద కాసేపు నడిపాను సార్. కుడి టాంకు మీద."

సంతోష్ హన్నా వైపు తిరిగి నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. రెండు రెక్కల్లోనూ చెరో పెట్రోలు టాంకు ఉంటుందట, పైలట్ మీట తిప్పి ఒకసారికి ఒకదాన్నే వాడతాడట. టాంకు లోపలికి గాలి పోవడానికి ఒక సన్నటి గొట్టం ఉంటుందట. అది మూసుకుపోతే కాసేపు బాగానే నడిచి, ఆ తర్వాత పెట్రోలు అందడం మానేస్తుందట. పోయిన వానాకాలం ఇంకో విమానం గొట్టంలో కందిరీగలు మట్టి గూడు పెడితే, తనే పుల్లతో తీసేశాడట.

"ఎడమ టాంకని తెలిస్తే ముందు అదే చూసేవాణ్ణమ్మా."

"పక్కన నేనుంటే నేనే తిప్పేసేవాణ్ణి," అన్నాడు కెప్టెన్. "అలవాటైపోయి, తిప్పుతున్నానని ఆ పిల్లకి కూడా ఎప్పుడూ చెప్పలేదు."

హన్నా ఏడుస్తుందేమోనని ఇద్దరూ చూశారు. ఆమెకి ఏడుపు రాలేదు. దేవుడి చిత్తమని పాస్టరు గారు చెప్పిన మాట పట్టుకుని ఇన్నాళ్లూ నిలబడింది. ఇప్పుడు ఆ మాట చేతిలోంచి జారిపోయింది.

ఇద్దరూ ఆ స్కూల్లో ఎన్నేళ్ల నుంచి పనిచేస్తున్నారని మాత్రం అడిగింది.

నాలుగేళ్లయిందని కెప్టెన్ చెప్పాడు. తానూ అప్పుడే చేరానన్నాడు సంతోష్.

"ఇలా కూర్చుని ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?"

"ఇదే మొదటిసారమ్మా," అన్నాడు కెప్టెన్.

బస్సుకి వేళవుతోందని సంతోష్ లేచాడు. నూజివీడు బస్టాండు దాకా తన కార్లో దింపుతానన్నాడు కెప్టెన్. ఇద్దరూ ఆమెకి నమస్కారం పెట్టి వెళ్లారు.

షామియానా వాళ్లు గుంజలు పీకేస్తున్నారు. హన్నా కూతురి ఫోటో లోపల పెట్టి వచ్చేసరికి, కాయలు నింపుకున్న ట్రాక్టరు డ్రైవరు వాకిట్లో నిలబడి ఉన్నాడు. గేటు దగ్గర బాటకి అడ్డంగా కారు ఆపేశారని, కాస్త తీయమని చెప్పమని అడిగాడు.

ఆమె వరండా దిగి చూసింది. కారులో సంతోష్ అరచెయ్యి రెక్కలా చాపి ఏదో చూపిస్తున్నాడు. కెప్టెన్ ముందుకు వంగి మధ్యమధ్యలో అడుగుతున్నాడు.

"ఉండనీ," అంది హన్నా. "మాట్లాడుకుంటున్నారు."