కోతి మెళ్ళో కాసుల పేరు

కోతి చేసిన దొంగతనంలో తానూ వాటా కొట్టెయ్యాలన్న ఆలోచన బ్రహ్మయ్యకు తిరుగు విమానంలోనే వచ్చింది.

అమెరికాలోని షామ్‌బర్గ్ తెలుగువాళ్ళు కొందరు కలిసి ఆఫ్రికా అడవికి సఫారీ వెళ్ళారు. అక్కడ రోడ్డు లేదు, కరెంటు లేదు, ఫోను పలకదు. అయినా ఆడవాళ్ళు నగలు సర్దుకున్నారు. సింహాలు చూడకపోయినా తోటి ఆడవాళ్ళు చూస్తారు కదా!

బ్రహ్మయ్య ముందుచూపున్న మనిషి. “అసలు కాసుల పేరు బియ్యం డబ్బాలో దాచెయ్. అడవికి గిల్టుది చాలు,” అని భార్య లక్ష్మీకాంతానికి బయల్దేరే ముందే ఆర్డరు వేశాడు.

అక్కడ ఓ మధ్యాహ్నం జీపు దిగి అందరూ పులిహోర పొట్లాలు విప్పారు. ఎక్కణ్ణుంచో ఓ బబూన్ ఊడిపడింది. బబూన్ అంటే మన కొండముచ్చుకి పెద్దన్న, మర్యాదలో మాత్రం బాగా చిన్నవాడు. పులిహోర వంక కన్నెత్తి చూడలేదు. లక్ష్మీకాంతం కాసుల పేరు లాక్కుని, తన మెళ్ళో వేసుకుని, పెళ్ళికూతురిలా చెట్టెక్కి కూర్చుంది. పక్కింటి జానకీదేవి ఆ వైభవాన్ని ఫొటో కూడా తీసింది.

లక్ష్మీకాంతం గుండెలు బాదుకుంది. “గిల్టుదేగా, ఊరుకోవే,” అని బ్రహ్మయ్య చెవిలో చెబితే ఏడుపు ఇంకో శ్రుతి పెంచింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్యలో ఇంత గొప్ప నటి ఉందని ఆయన గుర్తించనే లేదు.

ఇల్లు చేరగానే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు. కాసులు చల్లగా తగిలాయి. ఇంకేం, అసలుదే పోయిందని ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ పెట్టేశాడు. పక్కవాళ్ళ వైఫై వాడుకున్నా గంటసేపు నీతులు చెప్పే లక్ష్మీకాంతం, ఈసారి “మీ ఇష్టం,” అని ఊరుకుంది.

ఓ శనివారం ఆవిడ కూరగాయలకు వెళ్ళినప్పుడు కంపెనీ తరఫున నమ్రత వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

“హాయ్ అంకుల్! ఫొటో చూశాను, అంతా క్లియర్‌గా ఉంది. ఒక్కసారి ఏం అయ్యిందో చెప్పండి, రికార్డ్ చేసుకుంటాను.”

ఫొటో ఉంది, సాక్షులున్నారు. రెండు ముక్కలు చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తే సరిపోయేది. కానీ రెండు ముక్కల్లో చెప్పడం బ్రహ్మయ్యకు పుట్టుకతోనే చేతకాదు.

“ఏం చెప్పమంటావమ్మా! దున్నపోతంత బబూను. దానికి అటో సింహం, ఇటో సింహం కాపలా. నేను కర్ర తీసుకుని మైలు దూరం తరిమాను.”

“వావ్! సింహాలు ఫొటోలో లేవు కదా అంకుల్?”

“నన్ను చూసి పొదల్లోకి తప్పుకున్నాయి.”

“ఓకే, ఒక్క డౌట్. రియల్ గోల్డ్ వేసుకుని ఎవరైనా జంగిల్‌కి వెళ్తారా?”

పాపం, ఆ పిల్ల తెలియకే అడిగింది. బ్రహ్మయ్యకు మాత్రం దొరికిపోయాననిపించింది. వచ్చే నెల ఆయనకు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. ఫ్రాడ్ కేసు పడితే సిటిజన్‌షిప్ మాట దేవుడెరుగు, ఉన్న గ్రీన్‌కార్డు లాక్కుని విమానం ఎక్కించేస్తారు. చూస్తుండగానే ఆ పిల్ల ముఖంలో ఇన్సూరెన్స్ మాయమై ఇమ్మిగ్రేషన్ కనిపించసాగింది.

సింహాలను తరిమిన వీరుడు సోఫాలోంచి జారి కార్పెట్ మీద కూలబడ్డాడు.

“తప్పయిపోయిందమ్మా! పోయింది గిల్టుది. అసలుది వంటింట్లోనే ఉంది!”

అడక్కుండానే పరుగెత్తి, బియ్యం రాలుతున్న కాసుల పేరు తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాడు. నమ్రత నోరు తెరిచింది. తర్వాత తేరుకుని దానికీ ఓ ఫొటో తీసింది.

“మనీ ఇచ్చేముందే నిజం చెప్పారు, గుడ్. క్లెయిమ్ విత్‌డ్రా చేస్తున్నానని రికార్డ్‌లో చెప్పేయండి, నేను క్లోజ్ చేస్తాను. కానీ అంకుల్, దీని మీద మళ్ళీ క్లెయిమ్ చెయ్యడం కుదరదు. ఓకేనా?”

“డబుల్ ఓకే తల్లీ!”

ఆ పిల్ల కారు మలుపు తిరగ్గానే లక్ష్మీకాంతం సంచులతో వచ్చింది. బ్రహ్మయ్య గండం గడిచిన వైనమంతా చెప్పి, “జన్మలో మొదటిసారి నిజం చెప్పానే. ప్రాణం ఎంత హాయిగా ఉందో!” అన్నాడు.

లక్ష్మీకాంతం చేతిలో సంచులు జారిపోయాయి. “నిజం చెప్పారా? ఎవర్నడిగి చెప్పారండీ?”

“అదేమిటే?”

“జీపులో నా పక్క సీటు జానకీదేవి వదినది. ఆవిడ పక్కన గిల్టు వేసుకుని కూర్చుంటే షామ్‌బర్గ్‌లో తలెత్తుకుని తిరగనిస్తుందా? అది పోయాక మీకెలా చెప్పాలా అని చస్తుంటే, మీరే క్లెయిమ్ పెట్టారు. పోన్లే, న్యాయంగా రావలసిందే వస్తోందని నోరు మూసుకున్నాను.”

“అంటే... ఈ డబ్బాలోది?”

“అది గిల్టు! అసలుది ఆ కోతి మెళ్ళో ఉందండీ!”