పసుపు పెట్టిన కాగితం

రామమూర్తి మాస్టారు నగర పంచాయతీ ఆఫీసు మెట్లు ఎక్కుతుండగా ఆటో జోజిబాబు చూశాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నుదుటన బొట్టు, చేతిలో నాలుగు మూలలా పసుపు పెట్టిన కాగితం. వార్డు ఎన్నికల నామినేషన్లకు అది ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడింటితో సరి.

జోజిబాబు ఆటో పక్కకు తీసి, వార్డు నాయకుడు వీరరాఘవయ్యకు ఫోన్ చేశాడు.

"మాస్టారు రెబెల్‌గా దిగుతున్నారండి."

వీరరాఘవయ్య ముందు నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా ఆ వార్డులో ఆయన చదివే ప్రసంగాలన్నీ మాస్టారు రాసిచ్చినవే. సభలో ముందు వరుసలో కూర్చోమంటే మాస్టారు కూర్చునేవారు, ఎవరో పెద్దమనిషి వచ్చాడు లేవమంటే లేచేవారు. 'అలాగేనండి' తప్ప ఆ నోట మరో మాట విన్నవాళ్లు లేరు. కానీ పోయినసారి వార్డు గెలిచింది పదకొండు ఓట్లతో. ఈసారి నిలబెట్టింది మేనల్లుడు వంశీకృష్ణను. మాస్టారి దగ్గర అక్షరాలు దిద్దుకోని ఇల్లు ఆ వార్డులో లేదు.

పావుగంటలో వీరరాఘవయ్య కారు ఆఫీసు ముందు ఆగింది. మాస్టారు ఇంకా వరండాలో వరసలోనే ఉన్నారు. ఎక్కమంటే ఎక్కారు. కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మాస్టారి ఇంట్లో వీరరాఘవయ్యకూ, కార్లో వచ్చిన వంశీకృష్ణకూ, వెనకే ఆటోలో వచ్చిన జోజిబాబుకూ మాస్టారే కాఫీ కలిపి ఇచ్చారు. వీరరాఘవయ్య గ్లాసు ముట్టుకోలేదు.

"పసుపు కూడా పెట్టారన్నమాట."

"మా ఆవిడ కామేశ్వరి అలవాటండీ. ఏ కాగితమైనా పసుపు పెట్టందే గడప దాటనిచ్చేది కాదు."

"ఆవిడే ఉంటే మిమ్మల్ని ఈ పనికి వెళ్లనిచ్చేదా?"

"ఎప్పుడో పంపించేదండి."

వంశీకృష్ణ గొంతు సవరించుకున్నాడు. వీరరాఘవయ్య అతన్ని ఆగమని చెయ్యి చూపించాడు.

"పోయిన వారం మీకు నేనేం చెప్పాను మాస్టారూ? వంశీని గెలిపించమనేగా?"

"మీరు చెప్పినట్టే చేస్తున్నానండి."

వెటకారం అంత మెత్తగా కూడా ఉంటుందని వీరరాఘవయ్యకు అప్పటిదాకా తెలియదు. కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

అసలు బాధేమిటని అడిగితే మాస్టారు వీధి చివరి కాలవ వైపు చూపించారు. దాని మీద ఉండాల్సిన సిమెంటు పలక ఎనిమిదేళ్ల కిందట విరిగింది. అప్పట్నుంచీ రెండు తాటి దుంగలే దారి. అవతల అంగన్‌వాడీ. మాస్టారు ఏడాదికొకటి చొప్పున ఎనిమిది అర్జీలు పెట్టారు. వీరరాఘవయ్య ప్రతిసారీ చూద్దామనే అన్నాడు. కామేశ్వరి పోయిన ఈ మూడేళ్లూ పొద్దునా సాయంత్రం మాస్టారు ఆ దుంగల దగ్గర నిలబడి పద్నాలుగు మంది పిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దాటిస్తున్నారు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి ఆయనకు గుర్తుండేది కాదు. సోమవారం విజయవాడలో మోకాలి ఆపరేషన్. రెండు నెలలు ఇల్లు కదలకూడదు. ఆయా సుబ్బాయమ్మ పోయిన నెలే దుంగ మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఇక పిల్లల్ని దాటించేదెవరు?

వంశీకృష్ణ గ్రంథాలయ కమిటీ ఇప్పిస్తానన్నాడు. ఊరేగింపులో ముందు జీపు ఎక్కిస్తానన్నాడు.

"వద్దండి," అన్నారు మాస్టారు.

ఆ మాట విని జోజిబాబు గుమ్మంలో కూలబడ్డాడు.

"మరేం కావాలి?" అన్నాడు వీరరాఘవయ్య.

"పలక పడితే ఇక ఈ కాగితంతో నాకు పనేముందండీ? మీ చేతికే ఇచ్చేస్తాను."

అప్పటికి పన్నెండున్నర. ఉన్నపళంగా పలకలు ఎక్కడ దొరుకుతాయి? వీరరాఘవయ్య కాసేపు ఆలోచించి, తన కొత్త ఇంటి గేటు ముందు కాలవ మీద వేయించుకున్న సిమెంటు పలకలు లేపమన్నాడు.

"మామయ్యా, ఎన్నికల కోడ్," అన్నాడు వంశీకృష్ణ.

"కోడ్ ప్రభుత్వం పలకలకిరా. ఇవి మీ అత్త పలకలు."

గడ్డపారలు వచ్చాయి, ట్రాక్టరు వచ్చింది. వీరరాఘవయ్య భార్య రావమ్మ గేటు పట్టుకుని నిలబడి, మరి తనెలా బయటికి రావాలని అడిగింది. తాటి దుంగలు వస్తున్నాయని చెప్పారు.

రెండూ నలభైకి పలకలు పడ్డాయి. జోజిబాబు వాటి మీద ఆటో అటూ ఇటూ రెండుసార్లు నడిపి చూపించాడు. అంగన్‌వాడీ వదిలే వేళకు మాస్టారు అలవాటు కొద్దీ కాలవ దగ్గరికి వెళ్లారు. పిల్లలు ఆయన్ను చూడకుండానే పరుగెత్తుకుంటూ దాటేశారు. చివరి పిల్ల ఒక్కతి మధ్యలో ఆగి చెయ్యి చాపింది. కింద గట్టిగా ఉందని తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకుని పరుగెత్తింది. మాస్టారు చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, కళ్లజోడు తుడుచుకున్నారు.

వీరరాఘవయ్య గడియారం చూసుకున్నాడు. మూడుంపావు. నామినేషన్ల గడువు దాటిపోయింది.

"ఇక ఇవ్వండి మాస్టారూ."

"అలాగేనండి."

మాస్టారు రెండు చేతులతో ఇచ్చారు. వీరరాఘవయ్య చింపబోయి, తనకు ఎదురుతిరిగిన కాగితం ఎలా ఉంటుందో చూద్దామని మడతలు విప్పాడు.

ఈసారి ఆఫీసులోనే ఇచ్చుకోండని పోయిన వారం మాస్టారితో అన్నది తనే. అది పలక కోసం మాస్టారు రాసిన తొమ్మిదో అర్జీ.