పన్ను గీరుకుంది, అంతే

"శేషగిరిరావు గారి ఇల్లు ఇదేనా?"

గేటు బయట పాత మోపెడ్ మీద ఓ మనిషి. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు ఒక కాజాలోవి ఇంకో కాజాలో పెట్టుకున్నాడు.

"నేనే. ఏంది?" అన్నాడు శేషగిరిరావు. మిరపకాయల కల్లానికి బయల్దేరుతున్నాడు.

"పోయిన నెల మిమ్మల్ని కుక్క కరిచిందంట. మీ ఊరి టీ కొట్టు దగ్గర చెప్పారు."

శేషగిరిరావు నవ్వాడు.

"కరవలా. పిక్క మీద పన్ను గీరుకుంది, అంతే. ఎప్పుడో మానిపోయింది."

"సూదులు వేయించుకున్నారా సార్?"

"దానికి సూదులెందుకయ్యా? సున్నం పెట్టాను. చిన్నప్పుడూ ఓసారి కరిచింది, ఏమైంది? మాది గట్టి రక్తం."

"అది పిచ్చికుక్క సార్. గురజాల నుంచి రోడ్డెంబడి మీ ఊరి మీదుగా పోయింది. దారిలో చానామందిని పట్టుకుంది. ఇయ్యాళే ఆస్పత్రికి పోండి. ఇప్పటికైనా వేయించుకోవచ్చంట."

వరండాలో బియ్యం ఏరుతున్న తిరుపతమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అది పిచ్చిదని నీకెట్టా తెలుసన్నా?" అంది మొగుడి వంక చూస్తూ.

"కరిపించుకున్నోళ్ళని చూశానమ్మా. దాహమంటారు. గ్లాసు దగ్గరికి తెస్తే గొంతు పట్టేస్తది. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడతారు. ఒకసారి మొదలైందంటే ఇంక ఏ డాక్టరూ ఏం చెయ్యలేడు."

"ఎవర్ని చూశావు?"

ఆ మనిషి తల దించుకున్నాడు.

"తెలిసినోళ్ళనే."

శేషగిరిరావుకి చిర్రెత్తింది.

"ఆ కుక్క నీదేనా? కేసు పెడతారని భయపడి తిరుగుతున్నావా?"

"నాది కాదు సార్."

"మరి నీకెందుకు ఇంత ఆరాటం? పొద్దున్నే వచ్చి ఆడమనిషిని బెదరగొడతన్నావు. పో!"

"మీ కాళ్ళు పట్టుకుంటా సార్..." అని మోపెడ్ దిగొచ్చి నిజంగానే వంగాడు.

శేషగిరిరావు భుజం పట్టి తోశాడు. ఆ మనిషి వెళ్ళి మోపెడ్ మీద పడ్డాడు. దాంతో సహా కింద పడ్డాడు.

లేచి, మోచేతికంటిన దుమ్ము దులుపుకుని అడిగాడు.

"ఈ ఊళ్ళోనే బాబీ అని ట్రాక్టర్ డ్రైవరంట. ఆయన్నీ కరిచిందన్నారు. ఇల్లెక్కడ సార్?"

"పో, పో. వాడూ నీకు ఇదే చెప్తాడు."

బాబీ అదే చెప్పాడు. ఇరవై ఐదేళ్ళ ఒళ్ళు, ఆ మాత్రం గాటుకి ఏమవుతుందన్నాడు.

ఆ మధ్యాహ్నం తిరుపతమ్మ బతిమాలింది.

"ఓసారి పోయొద్దామయ్యా."

"ఎంతమందిని కుక్కలు కరవలా? అందరూ పోయారా? నాకేం కాదే."

అప్పటి నుంచి ఆమె చూపు మొగుడి గొంతు మీదే. అడక్కపోయినా నీళ్ళు తెచ్చిచ్చేది. గుటక దిగిందాకా ఊపిరి బిగబట్టేది.

"ఏమే, నేనేమన్నా ఎద్దునా? ఇన్ని నీళ్ళు తాపుతున్నావు!" అని నవ్వేవాడు.

వారం తిరక్కముందే బాబీ వాళ్ళ ఇంట్లోంచి కేకలు వినపడ్డాయి.

దాహం, దాహం అని అరుస్తున్నాడు. వాళ్ళమ్మ చెంబు పట్టుకుని దగ్గరికొస్తే గోడకి అతుక్కుపోయి వణుకుతున్నాడు. తువ్వాళ్ళతో చేతులు కట్టి కారెక్కించారు.

ప్రాణాలతో తిరిగి రాలేదు.

శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, శేషగిరిరావు మంచం మీద కూర్చున్నాడు. తిరుపతమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది.

అందుకున్నాడు గానీ ఎత్తలేదు.

"తాగయ్యా."

"గొంతు... పట్టేసినట్టుందే తిరుపతా."

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆయన కళ్ళల్లో భయం ఆమె చూడటం ఇదే మొదటిసారి.

గ్లాసు తీసుకుని ఆయన పెదాలకి ఆనించింది. సగం నీళ్ళు ఛాతీ మీదే ఒలికాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఒక్క గుటక దిగింది.

"దిగిందే... దిగింది!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి తాళం కూడా వెయ్యకుండా ఇద్దరూ గురజాల ఆస్పత్రికి పరిగెత్తారు.

డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు.

"ఇది జబ్బు కాదు, భయం. ఆలస్యం చేశారు, అయినా వచ్చారు. ఒక్క సూది కూడా మానకుండా వేయించుకోండి."

సూది వేస్తూ నర్సు అడిగింది.

"మిమ్మల్ని కూడా ఆ మోపెడ్ ఆయనే పంపాడా?"

శేషగిరిరావు తలూపాడు.

"ఆయన ఎవరమ్మా?" అంది తిరుపతమ్మ. "ఇంటికొచ్చి చెప్తే తోసేశాం. ఆ కుక్క ఆయనదే అనుకున్నాం. కనపడితే చేతులు పట్టుకోవాలి."

"ఖాజా మొహిద్దీన్. ఇక్కడే మోటార్లు బాగుచేస్తాడు. అటువైపు ఊళ్ళల్లో ఇంకా ఎవర్నో కరిచిందని తెలిసి పొద్దున్నే పోయాడు."

నర్సు సిరంజి పళ్ళెంలో పెట్టింది. మెల్లగా అంది.

"ఆ కుక్క ముందు పట్టుకుంది వాళ్ళ పాప ఇరమ్‌నేనమ్మా. పిల్లని మట్టిలో పెట్టి ఇంటికి కూడా పోకుండా, అది పరిగెత్తిన దారి వెతుక్కుంటూ బయల్దేరాడు."