వస్తానన్న మాట

యూదుల ప్రార్థనామందిరం సినగాగు ముందు బస్సు ఆగి ఉంది. పిల్లలందరూ ఎక్కేశారు, ఒక్క తాలియా తప్ప.

ఎనిమిదేళ్ల తాలియా వాళ్లమ్మ మార్సీ నడుము పట్టుకుని వదలడం లేదు. యూదు పిల్లల వేసవి క్యాంపుకి వెళ్లడం అదే మొదటిసారి. నెల రోజులు కొండల్లో ఉండాలి.

పెట్టె సర్దడానికి మార్సీకి వారం పట్టింది. మూడు స్వెట్టర్లు, రెండు టార్చిలైట్లు, దోమల మందు, ఇంటి అడ్రసు రాసి స్టాంపులు అంటించిన కార్డులు. ఎవరెస్టు ఎక్కేవాళ్లు కూడా అంత సామాను మోసుకెళ్లరు.

"ఏడవకు బంగారం. అక్కడ నచ్చకపోతే ఒక్క ముక్క రాయి, నేనొచ్చి తీసుకెళ్లిపోతాను," అంది మార్సీ.

"ఆ మాట మాత్రం ఇవ్వకమ్మా," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

తెల్లజుట్టు ముసలావిడ. ఎవరో పిల్లాడి సాక్సు మీద పేరు కుడుతోంది. మాటలో జర్మన్ యాస ఉంది.

"ఏ మాట?"

"వచ్చి తీసుకెళ్తానన్న మాట. ఇక అక్కడ పిల్ల ఆడుకోదు, గేటు వంకే చూస్తూ కూర్చుంటుంది. తల్లిదండ్రులు చూడ్డానికొచ్చే ఆదివారం వస్తానని చెప్పు, చాలు. అప్పుడు ఎటూ వస్తావు."

మార్సీకి ఒళ్లు మండింది.

"మీకెంతమంది పిల్లలండీ?"

"లేరు."

"అందుకే అంత తేలిగ్గా చెప్పగలుగుతున్నారు."

ముసలావిడ ముఖం చిన్నబోయింది. దారం కొరికి, బస్సెక్కి, చివరికి ఎలాగో ఎక్కిన తాలియా పక్కన కూర్చుంది.

"ఎవరీ మహాతల్లి?" అని మార్సీ పక్కనున్న ఇంకో తల్లిని అడిగింది.

"ఇల్సె గారు. వేసవంతా క్యాంపులోనే ఉంటారు. పిల్లలకి జడలు వేస్తారు, గుండీలు కుడతారు. పైసా తీసుకోరు."

"సలహాలు కూడా ఉచితమే కాబోలు," అంది మార్సీ.

తర్వాతి వారం కార్డు వచ్చింది. 'అమ్మా, నాకు నచ్చలేదు. నువ్వు వస్తానన్నావు.'

"ఇది ఎప్పుడో రాసింది. ఈపాటికి మర్చిపోయి ఆడుకుంటూ ఉంటుంది. మధ్యలో రావద్దని క్యాంపు వాళ్లు మరీ మరీ చెప్పారు కదా," అన్నాడు భర్త.

"మాటిచ్చాను," అంది మార్సీ, కారు తాళాలు తీసుకుంటూ.

ఆమె చేరేసరికి శుక్రవారం పొద్దువాలుతోంది. క్యాంపు గేటు దగ్గర కుర్చీలో ఇల్సె కూర్చుని ఉంది. నేను చెప్పలేదూ అని దెప్పుతుందని మార్సీ సిద్ధపడింది.

ఇల్సె లేచి నిలబడింది. మార్సీ చేతిని పట్టుకుని, నిజంగా మనిషేనా అన్నట్టు తడిమి చూసింది.

"వచ్చావా," అంది. "నిజంగానే వచ్చావా."

"రాకేం? నా కూతురేది?"

"చూపిస్తాను రా. ముందు చూడు, తర్వాత నీ ఇష్టం."

భోజనాల హాలు వెనక్కి తీసుకెళ్లింది. కింద చెరువు ఒడ్డున పిల్లలంతా తెల్లబట్టల్లో, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, శుక్రవారం సాయంత్రం మొదలయ్యే పవిత్రదినం సబ్బాతుకి స్వాగతం పాడుతున్నారు. వాళ్ల మధ్యలో తాలియా ఉంది. పాడడం తక్కువ, నవ్వడం ఎక్కువ.

అప్పుడు గుర్తొచ్చింది మార్సీకి. శుక్రవారం సాయంత్రానికి తెల్లబట్టలు పెట్టమని క్యాంపు వాళ్లు చెప్పారు. తను రెండు టార్చిలైట్లు పెట్టింది, అవి పెట్టలేదు.

"దానికి ఆ గౌను ఎక్కడిది?"

"నాదొకటి ఉంటే కత్తిరించి కుట్టాను. అందరికీ ఉన్నాయి, మా అమ్మే మర్చిపోయిందని ఒకటే ఏడుపు. మొన్న కుట్టిచ్చాక ఏడుపు ఆపింది."

మార్సీ కళ్లు తుడుచుకుంది.

"తీసుకెళ్తావా?" అని అడిగింది ఇల్సె.

"ఉండనివ్వండి. నేనొచ్చానని దానికి చెప్పకండి."

"చెప్పాలి." ఇల్సె గొంతు గట్టిపడింది. "రేపు చెప్తాను. మీ అమ్మ వచ్చింది, నువ్వు నవ్వుతుంటే చూసి వెళ్లింది అని. వచ్చావని పిల్లకి తెలియాలి."

ఆమె కిందికి దిగి, ఒక్కొక్క పిల్ల తలమీదా చేతులుంచి దీవించసాగింది. ఇంట్లో ప్రతి శుక్రవారం తాలియాని అలా దీవించేది మార్సీయే. ఇవాళ తన బదులు ఆ చేతులున్నాయని ఆమెకి ప్రాణం కుదుటపడింది. ఆ రోజు తూలిన మాటకి క్షమాపణ చెప్పాలనుకుంది. పిల్లల మధ్యనుంచి ఎలా పిలవడం, ఆదివారం వచ్చినప్పుడు చెప్పొచ్చులే అని కారెక్కింది. ఆ ఆదివారం తల్లిదండ్రుల గుంపులో ఇల్సె ఒంటరిగా దొరకలేదు, వచ్చే ఏడు చెప్పొచ్చులే అనుకుంది.

మళ్లీ వేసవి వచ్చింది. ఈసారి బస్సు తలుపు తీయగానే ముందు ఎక్కింది తాలియానే. తల్లికి చెయ్యి ఊపడానికి కూడా తీరిక లేదు.

మార్సీ చేతిలో ఇస్త్రీ చేసిన ఆ తెల్లగౌను, పొద్దున్నే చేసిన గసగసాల కేకు ఉన్నాయి.

"ఇల్సె గారేరండీ?" అని క్యాంపు నడిపే నీల్‌ని అడిగింది.

"చలికాలంలో పోయారండీ. నిద్రలోనే."

మార్సీ చేతిలోని గౌను వంక చూసింది.

"నా బిడ్డని అంత చూసుకున్నారు. నేను థాంక్స్ అయినా చెప్పలేదు," అంది.

"మార్సీ అంటే మీరేనా? పోయేదాకా మీ మాటే చెప్పుకునేవారు. 'వస్తానన్న తల్లి వచ్చిందయ్యా, నా కళ్లారా చూశాను' అని కనబడినవాళ్లందరికీ చెప్పేవారు. ఇన్నేళ్లూ ఆ గేటు దగ్గర కుర్చీ వేసుకున్నది అందుకేనట."

"కూతురి కోసం తల్లి రావడంలో గొప్పేముందండీ?"

నీల్ బస్సు కిటికీలో నవ్వుతున్న తాలియా వైపు చూశాడు.

"నాజీల రోజుల్లో, యూదు పిల్లల్ని మాత్రమే ఇంగ్లండుకి దాటించే రైలు ఎక్కిస్తూ, 'నచ్చకపోతే ఒక్క ముక్క రాయి, నేనొచ్చి తీసుకెళ్లిపోతాను' అని వియన్నా స్టేషన్లో ఎనిమిదేళ్ల ఇల్సెకి చెప్పిందట వాళ్లమ్మ."