నల్లతీగ

ముచ్చటగా మూడో ఫ్యూజు కూడా టప్‌మంది.

"ఇంకోటి పెట్టండి," అంది జయంతి, రెండు నెలల పాపని శాలువాలో చుట్టుకుంటూ.

"ఇంకోటి లేదు," అన్నాడు జగదీష్.

1982 జనవరి. డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఉద్యోగం ఊడితే, హ్యూస్టన్‌లో దొరికిన కొత్త ఉద్యోగానికి బయల్దేరాడు జగదీష్. కార్లో పెళ్ళాం, పాప, పురుడు పోయడానికొచ్చిన అత్తగారు శేషమ్మ. కారు వెనక ఎవరిదగ్గరో కొన్న పాత ట్రైలరు. అగ్గిపెట్టెకి చక్రాలు బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందది. ఇల్లయినా వాకిలయినా ఇక అదే.

మిస్సోరీలో మంచు పడి దారి మూసేశారు. హైవే పక్కన బళ్ళు నిలుపుకునే చోట చిక్కుకుపోయారు.

ఎలాంటి చలనుకున్నారు! శేషమ్మ చెంబు బోర్లిస్తే నీళ్ళు చెంబు ఆకారంలోనే దిగి నిలబడ్డాయి. అబద్ధమైతే ఆవిడనే అడగండి.

హీటరు వేసీ వేసీ కార్లో పెట్రోలు అడుగంటితే అందరూ ట్రైలరులోకి చేరారు. అందులో గ్యాసు హీటరుంది గానీ, దాని ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ కావాలి. పాత బ్యాటరీ చచ్చిపోతే జగదీష్ పొద్దున్నే కొత్తది బిగించాడు. అప్పట్నుంచే ఈ టప్పులు.

పాప ఏడుపు మానేసింది. అదే అందరికీ భయం.

"అమ్మా, కాళ్ళు చల్లబడుతున్నాయే!"

శేషమ్మ ఆ కాళ్ళని అరచేతుల్లో పెట్టుకుని ఊదుతూ అంది: "పదకొండేళ్ళు కార్లకి వైర్లు లాగానన్నారుగా అల్లుడుగారూ, ఒక్క ఫ్యాను తిప్పలేరా?"

"ఇందులో ఉన్నవి రెండే తీగలు అత్తయ్యా, నల్లదీ తెల్లదీ. నల్లది మైనస్‌కే ఇచ్చాను. నిద్రలో లేపి అడిగినా నలుపంటే మైనసే!"

అప్పుడొచ్చిందొక లారీ, వెనక ఏదో చల్లుకుంటూ.

"ఏంటది?"

"ఉప్పు అత్తయ్యా. మంచు కరగడానికి."

"ఓరి వీళ్ళ దుంపతెగ, రోడ్డుని ఊరగాయ పెడుతున్నారా?"

లారీలోంచి ఒక నల్ల ముసలాయన దిగాడు. కోటు జేబు మీద పేరు కుట్టి ఉంది: ఎజ్రా. ట్రైలరుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమాడు, తప్పిపోయిన గేదె దొరికినట్టు. బ్యాటరీ వంకా, మంచులో పారేసిన మాడిన ఫ్యూజుల వంకా చూసి నవ్వాడు.

"బ్లాక్ ఈజ్ హాట్, సన్. వైట్ ఈజ్ జస్ట్ గ్రౌండ్."

జగదీష్‌కి ఒళ్ళు మండింది. ఆ చుట్టుపక్కల పది మైళ్ళలో మండింది అదొక్కటే.

"ఏమంటున్నాడయ్యా?"

"నల్లవాళ్ళు వేడి మీదున్నారట, తెల్లవాళ్ళు నేలపాలట. ఏదో రాజకీయం."

"రాజకీయం చెప్పే మొహం కాదయ్యా అది. వేలు తీగ మీద పెట్టి మరీ చెప్పాడు."

"మీకు ఇంగ్లీషు రాదు, ఊరుకోండి."

ముసలాయన మళ్ళీ నోరు తెరవబోయాడు.

"నాట్ నౌ, సర్. ప్లీజ్ గో!" అని మొహం మీదే తలుపేశాడు జగదీష్.

శేషమ్మ కిటికీ వదల్లేదు. ముసలాయన లారీ ఎక్కి, వంగి ఏదో పీకి, దిగొచ్చి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"వచ్చినప్పుడు ఆ లారీ అద్దం తేటగా ఉంది. ఇప్పుడు మంచు పట్టేసి, చేత్తో తుడుచుకుంటూ పోతున్నాడు," అంది.

జగదీష్ తలుపు తీశాడు. మెట్టు మీద ఒక ఫ్యూజు. ఇంకా వెచ్చగానే ఉంది.

"తన హీటరుది పీకి ఇచ్చాడయ్యా మహానుభావుడు!"

జగదీష్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇదీ పోతే ఇక అంతే. ఈసారి తొందరపడలేదు. తీగలన్నీ మొదట్నుంచీ చూద్దామని ఫ్యూజుల పెట్టె మరలు ఊడదీసి పక్కకి లాగాడు. వెనక చెక్క మీద మాసిన పెన్సిలు రాత: "బ్లాక్ హాట్. వైట్ గ్రౌండ్."

హాట్ అంటే ప్లస్సు, గ్రౌండ్ అంటే మైనస్. కార్లలో నలుపు మైనసే. ట్రైలర్లలో ప్లస్సు.

బ్యాటరీ దగ్గర తీగలు మార్చి, ముక్కోటి దేవతలకీ మొక్కి ఫ్యూజు పెట్టాడు.

ఫ్యాను గుర్రుమంది. వెచ్చటి గాలి తగిలీ తగలగానే పాప కెవ్వుమంది. ఏడుపు విని ఇంతగా మురిసిన వాళ్ళు ఆ ముగ్గురే అయ్యుంటారు.

జగదీష్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఉప్పు చార తప్ప ఏమీ లేదు.

తిరిగొచ్చి పెట్టె బిగించబోతూ, ఆ రాత మీద దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

కింద ఇంకో వరస బయటపడింది: "ఈ ట్రైలరుకి వైర్లు లాగింది ఎజ్రా, 1971."