అరగంట దూరంలో అమ్మ

శంకర్ చెప్పులు వేసుకుని గోదాము తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. అచ్చెన్న ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఎక్కడికిరా?"

"అమ్మని సూసొస్తాను మావా. బస్సులో అరగంట."

"ఆ అరగంటలో మూడుసోట్ల మిలిట్రీ ఉంది. ముందు ఫోన్ సెయ్."

అచ్చెన్న ఆ గోదాముకు మేస్త్రీ, తండ్రి వయసువాడు. యాంగోన్‌లోని అహ్లోన్ రేవు పక్కన, ఒకప్పటి బియ్యం మిల్లులో, చైనా నుంచి వచ్చే పార్సిళ్ళు దించుకుని చీటీలు అతికించి ఊళ్ళోకి పంపడం వాళ్ళ పని. మెడలో వేసుకునే ఫ్యాన్లు, చార్జింగు దీపాలు, పళ్ళికిలించే బొమ్మలు. ఊళ్ళో బియ్యానికి కటకట వచ్చింది గానీ ఆ బొమ్మలకు ఒక్కరోజూ రాలేదు. మూడేళ్ళుగా శంకర్ వాటి మధ్యే తిని వాటి మధ్యే పడుకుంటున్నాడు. సైన్యం గద్దెనెక్కిన ఏడు, అమ్మ ఉండే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో వీధికి అడ్డంగా ఇసుకబస్తాలు పేర్చిన కుర్రాళ్ళంటూ మిలిట్రీ రాసుకున్న జాబితాలో అతని పేరే మొదటిది. వాళ్ళలో దొరికిపోయిన ఇద్దరూ ప్రాణాలతో ఇంటికి తిరిగి రాలేదు.

అమ్మకు జ్వరమని, మంచం దిగడం లేదని పొద్దున్న బజారులో విని వచ్చి చెప్పింది అచ్చెన్నే. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు నాలిక కరుచుకుంటున్నాడు.

మామూలు ఫోన్లయితే ఎవరైనా వింటారని భయం. జనానికి అలవాటైన యాప్‌లన్నీ ప్రభుత్వం మూసేసింది. మిగిలింది చైనావాళ్ళ యాప్ ఒక్కటే. శంకర్ అందులోనే చెల్లెలికి చేశాడు.

చెల్లెలు హైమ ఇలాంటి సరుకునే ఫోన్లలో చూపించి అమ్మే కంపెనీలో పనిచేస్తుంది. ఈమధ్య వాళ్ళకు ఆమె మొహంతో పని లేకుండా పోయింది. గోదాము గోడ మీది తెరలో పగలనక రాత్రనక ఫ్యాన్లు అమ్ముతున్న పిల్ల మనిషి కాదు, కంప్యూటరు బొమ్మ. అసలు పిల్ల ఎక్కడో తన ఇంట్లో నిద్రపోతుంటే, హైమ టైపు కొట్టిన మాటలు ఈ బొమ్మ ఆ పిల్ల గొంతుతో పలుకుతుంది. ఆ సంగతి తెలియక అచ్చెన్న నెల రోజులు దానికేసి చూసి సిగ్గుపడ్డాడు. నిజం తెలిశాక వారం రోజులు గోదాములో ఎవరితోనూ మాట్లాడలేదు.

హైమ ఫోన్ ఎత్తింది గానీ తెర మీద మొహం రాలేదు. అటువైపు రావద్దని, ఇంటి ఎదురు టీ కొట్టు దగ్గర రెండు రోజుల నుంచి కొత్త మొహాలు కూర్చుంటున్నాయని చెప్పింది. అమ్మను చూపించమన్నాడు. పడుకుందంది. చూపించకపోతే ఇప్పుడే బయల్దేరతానన్నాడు.

"ఓ గంట ఆగన్నా. లేపి, ఇంత గంజి పట్టి, నానే కలుపుతాను."

ఆ గంటా శంకర్ ఒక్క చీటీ కూడా సరిగ్గా అతికించలేదు. గంట దేనికి? ఇంట్లో సైనికులున్నారా? అమ్మను బెదిరించి మాట్లాడిస్తారా? అలాంటిది జరిగితే గుర్తుగా అమ్మ భుజం మీది తువ్వాలు తల మీదికి లాక్కోవాలని ముగ్గురూ ఎప్పుడో అనుకున్నారు. తువ్వాలు తల మీద కనబడితే ఏం చెయ్యాలో మాత్రం అనుకోలేదు.

ఫోన్ మోగింది. తెర మీద అమ్మ.

"ఒరే బుల్లోడా, తిన్నావేటి?"

తువ్వాలు భుజం మీదే ఉంది. శంకర్‌కు ఊపిరి వచ్చింది. అమ్మ మరీ తెల్లగా కనబడుతోంది. చైనా ఫోన్లు మనవాళ్ళెవర్నీ నల్లగా ఉండనివ్వవు. మాటకూ పెదవికీ కొంచెం తేడా ఉంది, అడిగిన ఎంతసేపటికో గానీ జవాబు రావడం లేదు. ఈ ఊళ్ళో నెట్ ఎప్పుడు సరిగ్గా ఏడ్చింది కనుక.

జ్వరం ఎలా ఉందని అడిగాడు. తగ్గిందని, నీరసమేనని చెప్పింది. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగాడు. ఎవరుంటారని తిరిగి అడిగింది.

"నానొస్తానమ్మా. ఒక్క పది నిమిషాలు సూసి ఎలిపోతాను."

ఈసారి బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాడు. అంతసేపు పట్టింది.

"రావొద్దు. నాకు నువ్వు సెయ్యాల్సింది ఇంకేటీ లేదు. బతికుండు, అంతే. నా మీద ఒట్టెయ్."

శంకర్‌కు ఏడుపు ఆగలేదు. అచ్చెన్న చూస్తున్నాడని కూడా సిగ్గుపడలేదు. అమ్మ మీద ఒట్టేశాడు. అమ్మ తల ఊపింది, ఫోన్ ఆగిపోయింది.

చెప్పులు విప్పి మూలకు విసిరేసి, చీటీల కట్ట కోసం చెయ్యి చాచాడు. అచ్చెన్న గబగబా కట్ట అందించి, మనసు మార్చుకుంటాడేమోనని తలుపుకు తాళం కూడా వేశాడు. శంకర్ సాయంత్రం దాకా వంచిన తల ఎత్తకుండా పని చేశాడు. పొద్దుటి నుంచి మూత తియ్యని మొహింగా నూడుల్సు గిన్నె ముందుకు లాక్కుని, చేప ముక్క కూడా వదలకుండా తిన్నాడు.

"అమ్మ గొంతు ఇన్నాక పేణం లేసొచ్చింది మావా" అన్నాడు.

అక్కడ మింగళ తౌంగ్‌న్యున్‌లో హైమ కంప్యూటరు మీటల మీంచి రెండు చేతులూ తీసి, వాటిలో మొహం దాచుకుని, టీ కొట్టు దాకా వినబడకుండా ఏడుస్తోంది.

నిన్న అమ్మకు తలకొరివి పెట్టినవి ఆ చేతులే.